జ్యేష్ఠ పక్కన పసిచుక్క, పార్వతీపురం దగ్గర ఇనుము

శ్రీకాకుళం నుంచి



పోయిన ఉత్తరానికి వచ్చిన జవాబుల్లో పాలకొండ వైపు నుంచి ఒక మాస్టారు రాసిన కార్డు ఉంది. "కొత్తగా పుడుతున్న చుక్కల చుట్టూ సారా, వెనిగరు ఉన్నాయని పేపర్లో చదివి మా తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను పట్టుకున్నారు. అక్కడ కాచిందెవరు అని ఒకడు, తాగేదెవరు అని ఇంకొకడు. నవ్వి ఊరుకుందామంటే ఆ మొదటి ప్రశ్న నన్నే తొలుస్తోంది. కాస్త వివరంగా రాద్దురూ" అని. తాగేవాళ్ల సంగతి వదిలేసి, కాచిందెవరో ఈ ఉత్తరంలో చూద్దాం. పోతూపోతూ మన పార్వతీపురం దగ్గర కూడా ఆగుతాను. ఈ కథకు అక్కడ రాలిన సాక్షి ఒకటి ఉంది.

ముందు వార్త సంగతి. 2024 మార్చిలో, జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో పనిచేస్తున్న ఒక బృందం రెండు పసి నక్షత్రాల పరిసరాల్లో ఇథనాల్ కనిపించిందని ప్రకటించింది. ఇథనాల్ అంటే సారాలో మత్తెక్కించే పదార్థమే. దానితోపాటు ఫార్మిక్ ఆమ్లం ఉంది, చీమ కుడితే మండేది దానివల్లే. బహుశా ఎసిటిక్ ఆమ్లం కూడా ఉంది, అంటే వెనిగరులోని పులుపు. ఆ రెండు చుక్కల్లో ఒకటి ఎన్‌జీసీ 1333 అనే మేఘంలో ఉంది. కృత్తికలు తెలిసినవాళ్లు అక్కడినుంచి కొంచెం ఉత్తరానికి చూపు జరిపితే ఆ దిక్కే. కంటికి ఏమీ కనిపించదు, దిక్కు మాత్రం అది.

పేపర్లు ఎగరగొట్టేసిన మాట ఒకటుంది. నా లెక్కలో అసలు వార్త అదే. ఆ సారా ఆవిరిగా లేదు, గడ్డకట్టిన మంచులో ఉంది. చుక్క వేడికి కాగిన పదార్థమైతే ఆవిరిగా దొరకాలి. మంచులో దొరికిందంటే చుక్క వెలగకముందే, చీకట్లో, చలిలో తయారై కూర్చుందన్నమాట. సూర్యుడి వెచ్చదనంలోనే రసాయనాలన్నీ పుట్టాయని మనం మామూలుగా అనుకుంటాం. అరసవల్లి సూర్యుడి గుడి పక్కన బతికే మనకు అలా అనుకోవడం మరీ సహజం. కానీ కర్బన అణువుల విషయంలో పెద్ద పనంతా సూర్యుడు పుట్టకముందే జరిగిపోయింది. సూర్యుడు ఎక్కువగా చేసింది వాటిని కరిగించి బయటికి వదలడమే.

ఎలాగో చెబుతాను. చుక్కలు పుట్టే మేఘం లోపల చలి మైనస్ 263 డిగ్రీల దగ్గర ఉంటుంది. మేఘం అన్నానని మన తొలకరి మబ్బులాంటిది ఊహించుకోకండి. మనం ప్రయోగశాలల్లో గాలి తీసేసి చేసే శూన్యం కన్నా అది పలచన. అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్. కొంచెం కార్బన్ మోనాక్సైడ్, ఇంకా కొంచెం ధూళి. ఒక్కో ధూళి రేణువు మిల్లీమీటరులో పదివేలో వంతు ఉంటుంది. ఆ చలికి నీరు, కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, మీథేన్ అన్నీ ఆ రేణువుల మీద పొరలు పొరలుగా గడ్డకడతాయి. గాలిలో ఎదురెదురుగా వెళ్లే రెండు అణువులు ఢీకొన్నా చాలాసార్లు విడిపోతాయి, పుట్టిన వేడిని పంచుకోవడానికి మూడోది పక్కన ఉండదు కనక. రేణువు మీద కూర్చున్నవాటికి ఆ ఇబ్బంది లేదు. వేడిని మంచు మింగేస్తుంది, అణువులు కలిసే ఉండిపోతాయి.

ఇప్పుడు ఆ రేణువు మీదికి విడి హైడ్రోజన్ పరమాణువులు వచ్చి పడుతుంటాయి. రమారమి రోజుకొకటి. అవును, ఒక్కటే! అది మంచు మీద అటూ ఇటూ తిరిగి కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకుంటుంది. కలవాలంటే మధ్య శక్తి అడ్డంకి ఒకటి ఉంది, అంత చలిలో దాన్ని ఎక్కి దిగడం అసాధ్యం. కానీ హైడ్రోజన్ చాలా తేలిక. క్వాంటం నియమాల ప్రకారం అడ్డంకిని ఎక్కకుండానే దానిలోంచి అవతలికి తేలుతుంది. అలా ఒకటి తరువాత ఒకటిగా నాలుగు హైడ్రోజన్లు చేరేసరికి కార్బన్ మోనాక్సైడ్ కాస్తా ముందు ఫార్మాల్డిహైడ్, తరువాత మిథనాల్ అయిపోతుంది. 2002లో జపాన్‌లోని హొక్కాయిడో విశ్వవిద్యాలయంలో నవోకి వతనబె బృందం ఇదే పనిని ప్రయోగశాలలో చేసి చూపింది. అంత చలిలో, నీరు, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన మంచు మీద హైడ్రోజన్ పరమాణువులు కురిపిస్తే మిథనాల్ వచ్చింది.

మన అమ్మమ్మల ఇళ్లలో తరవాణి కుండ ఉండేది గుర్తుందా? పొయ్యి మీద పెట్టే పని లేదు, మూల కూర్చోబెట్టి రోజూ కాస్త గంజి పోస్తుంటే దానంతట అదే పులిసేది. ఆ మంచు రేణువుల పద్ధతీ అదే, రోజూ కాస్త, తొందర లేకుండా. కుండలో పని చేసేవి సూక్ష్మజీవులు, ఇక్కడ ఎవరూ లేరు, తేడా అది. గడువు మాత్రం లక్షల ఏళ్లు.

ఈ దారిలో మధ్యలో ఆగిపోయిన ముక్కలు కూడా మిగులుతాయి. ఒక చెయ్యి ఖాళీగా ఉన్న అణువుల ముక్కలు, రాడికల్స్ అంటారు. పక్కపక్కన చిక్కుకున్న రెండు ముక్కలు చేతులు కలిపితే ఇంకొంచెం పెద్ద అణువు. కాస్మిక్ కిరణాలు మేఘాన్ని చీల్చుకుపోతూ అప్పుడప్పుడూ కొత్త ముక్కలు పుట్టిస్తాయి. ఇథనాల్, ఎసిటాల్డిహైడ్ లాంటివి ఇలా పుడతాయని ఎక్కువమంది నమ్మిక. మంచు ఆవిరైపోయాక గాలిలోనే కొన్ని పుడతాయని వాదించేవాళ్లూ ఉన్నారు. నిరుడు ఒకరు గెలిచినట్టుంటే ఈ ఏడు ఇంకొకరు గెలిచినట్టు ఉంటుంది, ఆ తగువు ఇంకా తెగలేదు. మంచులోనే ఇథనాల్ కనిపించడం మొదటివాళ్లకు కొంత బలమిచ్చింది.

ఇక మాస్టారు పిల్లల్ని మేడ ఎక్కించి చూపించగలిగిన దిక్కు ఒకటి చెబుతాను. జ్యేష్ఠా నక్షత్రం అందరికీ తెలుసు, తేలు గుండె దగ్గర ఎర్రగా ఉండే చుక్క. జూన్, జూలై రాత్రుల్లో మన జిల్లాలనుంచి చూస్తే దక్షిణాన ఆకాశం సగం ఎత్తులో ఉంటుంది. ఆ నెలల్లో మనకు మబ్బులే ఎక్కువనుకోండి, మేలో అయితే రాత్రి కాస్త పొద్దుపోయాక చూడాలి. జ్యేష్ఠకు ఉత్తరంగా, చేయి చాచి పట్టుకుంటే ఒకటి రెండు వేళ్ల మందం అవతల, ఒక పసిచుక్క ఉంది. దాని పేరు ఐరాస్ 16293-2422. ఇంటి పేరు 1983లో ఎగిరిన ఐరాస్ ఉపగ్రహానిది, అంకెలు ఆకాశంలో దాని చిరునామా. చుక్క అంటున్నాను గానీ నిజానికి ఒక్కటి కాదు, ఒకే గూటిలో పుడుతున్న తోబుట్టువులు. దూరం 460 కాంతి సంవత్సరాల చిల్లర. అది పుట్టిన మేఘం జ్యేష్ఠ చుట్టుపక్కలంతా పరుచుకుని ఉంది. ధూళి కప్పేసింది కనక మామూలు టెలిస్కోపుకు కనిపించదు. రేడియోకు అడ్డం లేదు.

రేడియోతోనే దాని గుట్టంతా తెలిసింది. ఆవిరిలో ఉన్న అణువులు గిరగిరా తిరుగుతుంటాయి. ఏ అణువు ఏ ఏ వేగాలతో తిరగవచ్చో ప్రకృతి నియమం కట్టేసింది. వేగం తగ్గినప్పుడల్లా ఒక కచ్చితమైన రేడియో అలను వదులుతుంది. ఆ అలల వరుస ఒక అణువుది ఇంకో అణువుకు రాదు. చిలీలో అయిదు వేల మీటర్ల ఎత్తున ఉన్న అల్మా అనే 66 యాంటెన్నాల టెలిస్కోపుతో డెన్మార్క్‌కు చెందిన యెస్ యోర్గెన్‌సెన్ బృందం ఈ చుక్క మీద కాపలా కాసింది. 2012లో గ్లైకాలాల్డిహైడ్ దొరికింది. చక్కెరల కుటుంబంలో అన్నిటికన్నా చిన్నదాని లాంటిది. జీవ రసాయనాల దారిలో ఇది ఒక మెట్టు గనక అప్పుడు పెద్ద సంబరం జరిగింది.

2017లో అదే చుక్క దగ్గర దొరికిన అణువు పేరు చదివినప్పుడు మనలాంటివాళ్లకు సంబరం రాదు. మిథైల్ ఐసోసయనేట్. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్ మీద పడిన విషవాయువు అదే. కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ నాలుగూ ఉన్న చిన్న అణువు అది. ప్రొటీన్లలో అమైనో ఆమ్లాలను కలిపే బంధంలాంటి అమరిక దానిలో ఉంది కనక శాస్త్రవేత్తలు ఆసక్తిగా వెతికారు. రెండు బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. "అంతరిక్షంలో జీవం విత్తనాలు" అని శీర్షికలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఈ అణువే గుర్తొస్తుంది. అక్కడ తయారయ్యేదానికి మంచీ చెడూ తెలియదు. కర్బనానికి చేతనైనవన్నీ చేస్తుంది. మిథనాల్ మాత్రం ఏం తక్కువ? కల్తీసారా తాగి చూపు పోయిన ఇళ్లు మన రాష్ట్రంలో ఎన్ని లేవు!

మంచులో బిగుసుకున్న అణువులు తిరగలేవు, వణుకుతాయి. ఆ వణుకుల జాడలను ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో చదువుతుంది జేమ్స్ వెబ్. ఏ అణువు ఏ తీరున వణికితే ఇన్‌ఫ్రారెడ్‌లో కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్న లెక్కకు గణితంలోని గ్రూప్ సిద్ధాంతం కావాలి. దానిమీద మన వాల్తేరులో బలమైన పని జరిగింది. రామన్ శిష్యుడు సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా టి. వెంకటరాయుడుతో కలిసి ఈ లెక్కల మీద పరిశోధన చేశారు, 1948లో వాళ్ల పుస్తకం వచ్చింది. ఆ రోజుల్లో వాల్తేరు అంటే దేశంలో స్పెక్ట్రోస్కోపీకి పెద్ద పేరు. కోచెర్లకోట రంగధామరావు గారు పెంచిన ప్రయోగశాల అది. విజయనగరం, శ్రీకాకుళం నుంచి ఆ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఆయన పేరు ఇంకా వినిపిస్తుంది.

హైదరాబాదు సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం అక్కడ ఉంది. ఒక మీటరు టెలిస్కోపును బెలూన్‌కు కట్టి, గాలి దాదాపు అయిపోయే ఎత్తుకు పంపి, చుక్కలు పుట్టే మేఘాల్లో 158 మైక్రాన్ల దగ్గర కార్బన్ వదిలే కాంతిని కొలిచారు. ఇంకా అణువుల్లోకి చేరని, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న విడి కార్బన్ అది. మేఘం బయటి పొరలు తమ వేడిని ఎక్కువగా ఆ కాంతి రూపంలోనే పోగొట్టుకుంటాయి.

ఇప్పుడు భారజలం. ఇది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. హైడ్రోజన్‌కు డ్యుటీరియం అనే బరువైన రూపం ఉంది, అది చేరిన నీరే భారజలం. మన పాలపుంతలో యాభై వేల హైడ్రోజన్లకు ఒకటో అంతకన్నా తక్కువో ఉంటుంది. కళింగపట్నం బీచిలో చెంబుడు సముద్రం నీళ్లు తీసుకుని చూస్తే 6,400 హైడ్రోజన్లకు ఒకటి చొప్పున ఉంటుంది. రమారమి ఎనిమిది రెట్లు ఎక్కువ! ఎక్కడిది ఈ అదనం?

మనుషులు డ్యుటీరియాన్ని పోగు చెయ్యాలంటే మణుగూరులో ఉన్నంత భారజల కర్మాగారం కావాలి. నీటికి, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు మధ్య వేడినీ చలినీ మారుస్తూ మళ్లీ మళ్లీ మార్పిడి చేయించాలి. మైనస్ 263 డిగ్రీల మేఘంలో ఆ పని దానంతట అదే జరుగుతుంది. మూడు హైడ్రోజన్లున్న ఒక అయాన్ ఉంది. అది డ్యుటీరియాన్ని తీసుకుని హైడ్రోజన్‌ను వదిలితే కొంచెం శక్తి విడుదలవుతుంది. తిరుగు దారిలో వెళ్లాలంటే ఆ శక్తి పెట్టాలి, అంత చలిలో అది దొరకదు. కనక దారి ఒకవైపే తెరిచి ఉంటుంది. డ్యుటీరియం అణువుల్లోకి వెళ్తుంది, వెనక్కి రాదు. అందుకే జ్యేష్ఠ పక్కన ఆ పసిచుక్క దగ్గర ఫార్మాల్డిహైడ్‌లో, మిథనాల్‌లో నూటికి కొన్ని అణువులు డ్యుటీరియంతో ఉన్నవే. మూడు డ్యుటీరియంలున్న మిథనాల్ కూడా అక్కడ దొరికింది.

వేడి చోట ఇంత డ్యుటీరియం పోగుపడదు. సముద్రంలో అదనంగా ఉన్న డ్యుటీరియాన్ని లెక్కగట్టి, 2014లో ఇల్సె క్లీవ్స్ బృందం భూమి మీది నీటిలో గణనీయమైన వాటా, సగం దాకా కూడా కావచ్చు, సూర్యుడి కన్నా పాతదని చెప్పింది. నీరు చెక్కుచెదరకుండా వచ్చినప్పుడు దానితోపాటు మంచులో ఉన్న కర్బన అణువులు మాత్రం రాకుండా ఎలా ఉంటాయి?

వచ్చాయి సరే, ఎలా వచ్చాయి? ఇక్కడే పార్వతీపురం మాట రావాలి.

1870 జనవరి 23న పార్వతీపురం దగ్గర ఆకాశంనుంచి ఒక ఇనుప ముద్ద రాలింది. నాలుగు కిలోల పైచిలుకు. ఉల్కల జాబితాల్లో దాని పేరు నెడగొల్ల. అప్పట్లో ఆ చోటు విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది, 1979లో విజయనగరం అయింది, 2022లో పార్వతీపురం మన్యం అయింది. పడిన చోటు కదల్లేదు, జిల్లాలే కదిలాయి. పడేటప్పుడు చూసి ఏరిన ఇనుప ఉల్కలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. ఇది ఏ గుంపులోనూ చేరదు కనక దాన్ని విడిగా ఉంచారు. దాని ముక్కలు ఇతర దేశాల మ్యూజియాలకు కూడా వెళ్లాయి.

ఇనుప ఉల్క అంటే ఒకప్పటి చిన్న గోళంలో కరిగి అడుగుకు దిగిన లోహం. ఆ గోళాలు సూర్యుడు పసిచుక్కగా ఉన్న రోజుల్లో, చుట్టూ గాలీ ధూళీ తిరిగే పళ్లెంలో పుట్టాయి. ఆ పళ్లెంలో లోపలి భాగం ఒక కుదురు, బయటి భాగం ఇంకో కుదురు. మాలిబ్డినం అనే లోహానికి ఉన్న ఏడు ఐసోటోపుల పాళ్లు ఈ రెండు కుదుళ్లలో వేరు. ముందే పెరిగిపోయిన గురుగ్రహం అడ్డం నిలబడి రెంటినీ కలవనివ్వలేదని చాలామంది అభిప్రాయం. ఉల్కలను కొలిస్తే దాదాపు ప్రతిదీ ఇటో అటో తేలుతుంది. మంచు, కర్బనం ఎక్కువగా ఉన్నది బయటి కుదురులో. మన భూమి పుట్టింది లోపలి కుదురులో.

2022లో జర్మనీలోని మున్‌స్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రిడోలిన్ స్పిట్సర్, తోర్‌స్టెన్ క్లైన్ మొదలైనవాళ్లు నెడగొల్ల ఇనుమును కొలిచి ప్రచురించిన ఫలితం ఏమిటంటే, ఇది ఇటూ కాదు, అటూ కాదు, రెండూ కలిసినది. లోపలి గోళమొకటి, బయటి గోళమొకటి గుద్దుకుని, కరిగి, కలిసిపోగా వచ్చిన లోహం. ఆ గుద్దుకోవడం కూడా సౌరకుటుంబం మొదలై కొన్ని పదుల లక్షల ఏళ్లు గడిచాకే జరిగింది. ఆ కాలాన్ని టంగ్‌స్టన్‌తో లెక్కగట్టారు. హాఫ్నియం 182 అనే పదార్థం 90 లక్షల ఏళ్ల అర్ధాయువుతో టంగ్‌స్టన్‌గా మారుతుంది, ఆ మార్పు ఎంతదాకా వచ్చిందో చూస్తే లోహం ఎప్పుడు విడిందో తెలుస్తుంది. అంటే గురుగ్రహం కట్టిన గట్టు దాటి బయటి సరుకు లోపలికి వచ్చిందనడానికి ఇనుప ఉల్కల్లో దొరికిన మొదటి రుజువు మన కళింగాంధ్రలో రాలిన ఈ ముద్ద.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. నెడగొల్ల ఇనుములో సారా లేదు, వెనిగరు లేదు. కరిగి లోహమైనదానిలో కర్బన అణువులు బతకవు. అవి కావాలంటే ఎప్పుడూ అంత కాగని ఉల్కల దగ్గరికి వెళ్లాలి. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలో మర్చిసన్ దగ్గర రాలినదానిలో డెబ్బైకి పైగా అమైనో ఆమ్లాలు దొరికాయి. బెన్నూ అనే గ్రహశకలం మట్టిని నాసా 2023 సెప్టెంబరు 24న భూమికి తెచ్చింది. మన ప్రొటీన్లు వాడే ఇరవై అమైనో ఆమ్లాల్లో పద్నాలుగు, డీఎన్ఏ, ఆర్ఎన్ఏల అయిదు క్షారాలూ అందులో ఉన్నాయని 2025 జనవరిలో తేల్చారు. అవి సరుకు, నెడగొల్ల ఆ సరుకు దారి. నా మట్టుకు దారికే విలువ ఎక్కువ. సరుకు ఎక్కడైనా తయారవుతుంది, చేరాల్సిన చోటికి చేరకపోతే ఏం లాభం?

మాస్టారూ, పిల్లలకు ఇలా చెప్పండి: కాచినవాళ్లు ఎవరూ లేరు, పొయ్యీ లేదు. చలి, చీకటి, ధూళి, లక్షల ఏళ్ల తీరిక, అంతే. అక్కడ జీవం ఉందా అంటే లేదనే చెప్పండి. అమైనో ఆమ్లాల నుంచి జీవకణానికి వెళ్లే దూరం, మంచు రేణువు నుంచి అమైనో ఆమ్లానికి వచ్చిన దూరం కన్నా చాలా ఎక్కువ. అది ఎలా గడిచిందో ఎవరికీ తెలియదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ మాట దాచకుండా చెబితే మంచిది, వాళ్లకు పని మిగిలి ఉందని తెలుస్తుంది.

ఇక మీ అందరికీ ఒక పని. పార్వతీపురం, బొబ్బిలి, సీతానగరం, బలిజిపేట వైపు ఉన్నవాళ్లు ఇంట్లో పెద్దల్ని అడగండి. ఆకాశంనుంచి ఇనుము రాలిందన్న మాట తాతల నోట ఎవరైనా విన్నారా? ఏదైనా గుడి కథలో, గట్టు పేరులో, పొలం పేరులో ఆ జాడ మిగిలిందా? పుస్తకాల్లో తేదీ, బరువు ఉన్నాయి, చూసినవాళ్ల మాటలు మన భాషలో నాకు ఎక్కడా దొరకలేదు. విన్నది విన్నట్టు రాయండి, అతుకులు వేయకండి. వచ్చినవన్నీ వచ్చే ఉత్తరంలో వేస్తాను.

ఉంటాను,
మీ ఉత్తరాల మనిషి